పదకొండు గంటల గీత

మా అత్తకి నచ్చే బట్ట ఈ భూమ్మీద ఇంకా ఎవరూ నెయ్యలేదు. ఈ మాట ఆవిడ ముందే అంటాను, వెనకాల అనే అలవాటు నాకు లేదు. పెళ్ళికి వెళ్తే అందరూ పెళ్ళికూతుర్ని చూస్తారు. మా అత్త పెళ్ళికూతురి బట్ట అంచు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపి, "పేక పోగు ఒదులుగా పడింది, మూడు ఉతుకులు ఆగదు" అంటుంది. పెళ్ళికూతురి తల్లి అక్కడే నిలబడి ఉంటుంది. నేను అత్త చెయ్యి పట్టుకుని భోజనాల వైపు లాక్కుపోతాను. డెబ్బై రెండేళ్ళ మనిషిని నలుగురిలో అలా లాక్కుపోవడం నాకేమైనా సరదానా?

ఆవిడ మా నాన్న చెల్లెలు. తప్పు ఆవిడది కూడా కాదు, చేసిన పని అలాంటిది. పదిహేడో ఏట మిల్లులో చేరి ఇరవై నాలుగేళ్ళు బట్ట తానులు పరీక్ష చేసింది. షెడ్డులో నేసిన తాను ఆవిడ ముందున్న ఏటవాలు బల్ల మీదికి వచ్చేది. ఎడమ చేత్తో లాగుతూ, కుడి అరచెయ్యి బట్ట మీద ఆనించి ఉంచేది. తప్పు కళ్ళకంటే ముందు చేతికే తెలిసేదట. తెగిన పోగు, నూనె మరక, ఒదులు పడ్డ పేక, ఏది దొరికినా సరిగ్గా ఆ చోట అంచుకి ఎర్ర దారం కట్టేది. ఒక తానుకి మూడు దారాలు పడితే నేసినవాడు సూపర్‌వైజరు గది ముందు నిలబడాలి. మిల్లులో మొదట్లో ఆవిడ్ని పేరుతోనే పిలిచేవారు. తర్వాత 'ఎర్రదారం' అన్నారు. ఆ తర్వాత ఏమీ అనకుండా పక్కకి తప్పుకునేవారు.

చెకింగు గది నాకు బాగా గుర్తు. చిన్నప్పుడు నాన్న ఇచ్చిన టీ ఫ్లాస్కు పట్టుకుని అత్త దగ్గరికి వెళ్ళేదాన్ని. కప్పు మెట్లు మెట్లుగా, రంపం పళ్ళలా ఉండేది. నిటారుగా ఉన్న వైపంతా అద్దాలు. ఎండ ఎప్పుడూ నేరుగా పడేది కాదు, వెలుగు మాత్రం గదంతా ఒకేలా పరుచుకునేది. ఆ వెలుగులో దూది నలుసులు తేలుతుండేవి. గోడవతల రెండొందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే కాళ్ళ కింద నేల సన్నగా వణికేది. ఇంటికొచ్చాక కూడా కాసేపు నా అరికాళ్ళలో ఆ వణుకు ఉండేది. ఇప్పుడు ఎంత మెత్తటి చెప్పులు వేసుకుని ఎంత నున్నటి నేల మీద నడిచినా ఆ సుఖం లేదు.

అత్త పట్టే తప్పులన్నిట్లోకీ కష్టమైనది ఒకటుంది. మగ్గం ఆగి మళ్ళీ కదిలిన చోట బట్టకి అడ్డంగా సన్నటి గీత పడుతుంది. దాన్ని ఆపుడు గీత అనేవారు. మామూలు మనుషులకి కనపడదు. నాకు యాభై సార్లు చూపించింది, యాభై సార్లూ "ఆఁ, కనపడింది" అని అబద్ధం చెప్పాను. షిఫ్టు మొదలవగానే నేతగాడు బట్ట అంచు మీద సిరాతో తన నంబరూ తేదీ వేస్తాడు. మగ్గం గంటకి అయిదు గజాలు నేస్తుంది. నంబరు దగ్గర్నుంచి గజాలు కొలుచుకుంటూ వెళ్తే మగ్గం ఏ గంటకి ఆగిందో తెలిసిపోతుంది. ఎవడు కబుర్లలో పడ్డాడో, ఎవడు మంచినీళ్ళ పేరుతో బయట తిరిగాడో, ఎవడికి కడుపు బాగాలేదో, మర్నాడు అన్నీ అత్త బల్ల మీదికి వచ్చేసేవి. "మనుషులు అబద్ధమాడతారు గానీ నేసిన తాను అబద్ధమాడదే" అని ఇప్పటికీ అంటుంది.

ఇలా ఉండగా అరవై రెండో నంబరు తాను ఒకటి రోజూ ఇరవయ్యో గజం దగ్గర గీతతో రావడం మొదలుపెట్టింది. షిఫ్టు ఏడింటికి మొదలు. ఇరవై గజాలంటే పదకొండు గంటలు. అత్త ముందు రోజు తప్పులు చూపించడానికి షెడ్డులోకి వెళ్ళేది కూడా పదకొండింటికే. అరవై రెండో నంబరు మనిషి పొడుగ్గా, సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. దారి పక్క మగ్గం ఆయనది. అత్త అలా వచ్చిందో లేదో, మగ్గం ఆపి చేతులు కట్టుకుని నిలబడేవాడు. నిన్న మగ్గం ఆపినందుకు తిట్టడానికి ఈవిడ వెళ్తే, ఆ తిట్లు వినడానికి ఇవాళ మళ్ళీ ఆపేవాడు. రేపటికి ఇంకో దారం. ఇలా ఏడు నెలలు నడిచింది.

సూపర్‌వైజరు పిలిచి అడిగాడట. "ఏమయ్యా, రోజూ పదకొండింటికే ఎందుకాపుతున్నావ్?"

"దాహమండి."

"ఆ దాహం పదకొండున్నరకి, బదిలీవాడు మగ్గం చూసుకునే బ్రేకులో వెయ్యదా?"

"వెయ్యదండి."

చివరికి అత్తకే ఓపిక నశించింది. ఒకరోజు ఆయన మగ్గం పక్కకి వెళ్ళి, మిగతా మగ్గాల హోరులో వినపడాలని చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "నన్ను పెళ్ళి చేసుకుంటావా, లేకపోతే జన్మంతా దారాలు కట్టించుకుంటావా?" ఆయన తలూపాడు. ఊపాడు సరే, రెండిట్లో దేనికి ఊపినట్టు? అది తెలీక అత్తకి రెండు రోజులు నిద్ర లేదు. మూడో రోజు ఆయన తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అలా నాకు మావయ్య అయ్యాడు.

పెళ్ళయ్యాక కూడా మావయ్య పదకొండింటికి మగ్గం ఆపడం మానలేదు. అత్త దారం కట్టడమూ మానలేదు. "మొగుడైతే మాత్రం గీత గీత కాకుండా పోతుందా?" అనేది. నలుగురూ నవ్వుకునేవారు. ఆ నవ్వుల్లో నాలుగేళ్ళు గడిచిపోయాయి.

అయిదో ఏడు జూన్‌లో కొత్త మేనేజరు వచ్చాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారుగా. మూడు దారాలు పడ్డవాళ్ళని వరసగా నిలబెట్టమన్నాడు. ఆ వారం మావయ్య తాను ఒకదానికి అప్పటికే రెండు దారాలున్నాయి. మూడోది, పదకొండు గంటల గీతకి, కట్టింది అత్తే. మావయ్యని షెడ్డు మధ్యలో అందరి ముందూ నిలబెట్టి, మగ్గం మీంచి తీసేసి, వారం రోజులు దూది ఊడవమన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో మావయ్య అప్పటిదాకా మాట్లాడనంత పెద్ద మాట మాట్లాడాడు. "ఆ ఒక్క దారం కట్టకపోతే కొంపలు మునిగేవా?"

"మునిగేవి" అంది అత్త.

మర్నాడు పెట్టె పట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. ఒంట్లో బాగాలేదని మిల్లుకి కబురు పంపింది. అప్పుడు నాకు ఆరేళ్ళు. నాలుగు నెలలు నా మంచం మీదే పడుకుంది. రాత్రంతా కాళ్ళతో తన్నేది. పొద్దున లేవగానే నా గౌను కుట్లు లాగి చూసేది. సాయంత్రం అయితే గుమ్మంలో కూర్చుని వీధి చివరికి చూసేది. "ఏంటత్తా చూస్తున్నావ్?" అంటే "గాలి కోసం కూర్చున్నా, నీకెందుకే" అనేది. నాన్న "నేను వెళ్ళి అతనితో మాట్లాడతాను" అంటే, "వెళ్ళావంటే నా మొహం మళ్ళీ చూడవ్" అంది. మావయ్య రాలేదు. ఉత్తరం ముక్క రాయలేదు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఇక రాకపోతే పేరు తీసేస్తామని మిల్లు నుంచి కాగితం వచ్చింది. అక్టోబరు పన్నెండున చేరతానని అత్త జవాబు పంపి, ముందురోజు సాయంత్రం తనంతట తనే వెళ్ళింది. మావయ్య తలుపు తీసి "వచ్చావా" అన్నాడు. చేతిలో పెట్టె అందుకుని లోపల పెట్టాడు. అంతే. లోపలికెళ్ళి చూస్తే పొయ్యి మీద వేలెడు దుమ్ము. గిన్నెల్లో సాలెగూళ్ళు. అన్నం వండిన ఇల్లు కాదది.

ఆ పొయ్యి చూసి అత్త మనసులో ఒక ముల్లు నాటుకుంది. "హాయిగా బయట తిని, బయట తిరిగి, నిద్రపోవడానికి మాత్రం ఇంటికొచ్చాడన్నమాట. నేను లేకపోతే ఆ మనిషికి ఏ లోటూ లేదన్నమాట." ఆయన్ని అడగలేదు. ఆయన చెప్పలేదు. ఆ తర్వాత ముప్ఫై ఏడేళ్ళు కాపురం చేశారు. మంచి కాపురమే, ఎవరికీ వంక పెట్టడానికి లేదు. కానీ ఏ ఇద్దరు మొగుడూపెళ్ళాలు కొట్టుకున్నారని విన్నా అత్త నాతో అదే మాట అనేది: "నాలుగు నెలలు పోయి చూడవే, నీ విలువెంతో తెలుస్తుంది. నాకు తెలిసింది." నలభై ఆరేళ్ళుగా వింటున్నాను. చెవులు చిల్లులు పడ్డాయి.

ఈలోగా మిల్లు మూతపడింది. రెండు మూడేళ్ళు ఖాళీగా ఉండి, ఆ షెడ్డులోనే ఒక పెద్ద డిస్కౌంటు స్టోరు పెట్టారు. దానికేదో పొడుగాటి పేరుండేది గానీ మా వీధుల్లో అందరూ 'సగం ధర' అనే అనేవారు. ఫ్యాక్టరీల్లో తప్పులు పడి వెనక్కొచ్చిన చొక్కాలూ దుప్పట్లూ తెచ్చి గుట్టలు పోసి అమ్మేవాళ్ళు. అందులో నేను కౌంటర్ మీద, మావయ్య గోడౌనులో ట్రాలీలు తొయ్యడం, అత్త కుట్టుమిషను పెట్టుకుని ఊడిన గుండీలూ పిగిలిన కుట్లూ బాగుచెయ్యడం. ఒకే కప్పు కింద మా కుటుంబమంతా బతికింది. ఎంత తిట్టుకున్నా ఆ రోజులు మళ్ళీ రమ్మంటే రావు.

ఆ కప్పే లేదనుకోండి. పైన తెల్లటి అట్టల సీలింగు బిగించి అద్దాలన్నీ మూసేశారు. పగలూ రాత్రీ ట్యూబులైట్లే. "గుహలో కూర్చోబెట్టారే" అని అత్త గొణిగేది. అయినా వేలు ఊరుకుంటుందా? కొనడానికి వచ్చినవాళ్ళ చేతిలోంచి చొక్కా తీసుకుని, "ఇది తీసుకోకు బాబూ, చంక దగ్గర పోతుంది, ఆ కింద నీలం రంగుది చూడు" అనేది. మేనేజరు పరుగెత్తుకొచ్చేవాడు. "అమ్మా, మీరు మన మనిషా, వాళ్ళ మనిషా?" మింగలేక కక్కలేక ఉండేవాడు పాపం. తీసేద్దామంటే సగంమంది జనం ఆవిడ వేలిని నమ్ముకునే వచ్చేవారు.

స్టోరు కూడా పోయింది. మావయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. షెడ్డు ఎలకలకీ పావురాలకీ మిగిలింది. నిరుడు గేటు మీద పెద్ద బోర్డు పెట్టారు. కింద దుకాణాలు, పైన ఇళ్ళు, మధ్యలో ఫౌంటెను. పాత ఇటుక గోడలూ పొగగొట్టమూ అలాగే ఉంచుతారట, లోపలంతా కొత్తదట. బొమ్మలో మనుషులందరూ సన్నగా, తెల్లబట్టల్లో, చేతిలో కాఫీ కప్పులతో ఉన్నారు. అత్త చాలాసేపు చూసి, "వీళ్ళలో పనికెళ్ళేవాడు ఒక్కడూ లేడేమే" అంది. నేను బోర్డు చూడటం మానేశాను. చూస్తే ఒళ్ళు మండుతుంది. అలాగని ఎలకలకి వదిలేస్తే బాగుండేదా అంటే, అదీ చెప్పలేను.

పోయిన నెల ఒకరోజు పొద్దున ఆ సైటులో పనిచేసే పెయింటరు అత్త గుమ్మం దగ్గరికి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. నేనక్కడే ఉన్నాను, మా ఇల్లు రెండిళ్ళ అవతలే. అతను చేతులకున్న రంగు ఒక గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. అత్త నీళ్ళ గ్లాసు ఇస్తూ ఆ గుడ్డ కొస పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు.

"ఇది ఎక్కడిది బాబూ?"

"సైటులోదేనమ్మా. స్టోరు సీలింగు పీకితే పైన చెక్క అటక బయటపడింది. దాని నిండా బట్ట బేళ్ళే. తుడుచుకోడానికి బాగుంది."

"తుడుచుకోడానికా!" అత్త అగ్గి మీద గుగ్గిలం అయిపోయింది. "నలభై నంబరు సన్న నూలురా అది! నీ జన్మలో చూశావా?" పెయింటరు నీళ్ళు సగం తాగి గ్లాసు అక్కడే పెట్టి నాలుగడుగులు వెనక్కేశాడు. గుడ్డ మాత్రం అత్త చేతిలోనే ఉండిపోయింది. దాని అంచు మీద మాసిన సిరా. నేను చదివాను. ఏదో నంబరు, దాని కింద తేదీ: ఆగస్టు. ఏ ఏడని అడిగింది. చెప్పాను.

అత్త అరుగు మీద కూర్చుండిపోయింది. ఆ ఏడు ఒక కంపెనీవాడు పెద్ద ఆర్డరిచ్చి, తయారయ్యాక తీసుకోనన్నాడు. తానులన్నీ కట్టలు కట్టి అటక మీద పడేశారు. జూన్ నుంచి అక్టోబరు దాకా నేసినవి. అత్త మా ఇంట్లో ఉన్న నాలుగు నెలలూ అవే.

"ఆయన నేసినవి కూడా వాటిల్లో ఉంటాయే" అంది. నా వైపు చూడకుండా, "నేను లేనప్పుడు పదకొండింటికి మగ్గం ఆపాడో లేదో ఒక్కసారి చూడాలి" అంది.

"ఇప్పుడు తెలుసుకుని ఏం చేస్తావత్తా? మనిషే లేడు."

"ఆపితే నన్ను తలుచుకున్నట్టు. ఆపకపోతే లేదన్నట్టు. అడగాల్సిన వయసులో అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే చెప్పేవాడు లేడు. ఆ తానొక్కటే ఉంది." నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టి, "పద" అన్నాను.

సైటు ఇంజనీరు మా అమ్మాయి వయసు పిల్ల. నెత్తిన పసుపు టోపీ, చేతిలో కాగితాల చుట్ట. నేను గట్టిగా దెబ్బలాడదామని సిద్ధపడి వెళ్ళాను, ఆ పిల్ల అవకాశమే ఇవ్వలేదు. "చూసుకోండి అమ్మమ్మగారూ, కానీ సాయంత్రం అయిదింటికి లారీ వస్తుంది. పరుపుల్లో కూరడానికి మొత్తం తీసుకుపోతారు. ఈలోగా మీ ఓపిక" అంది. మా ఇద్దరి నెత్తి మీదా టోపీలు పెట్టించింది. అత్త టోపీ కళ్ళమీదికి జారిపోతుంటే, "కొలతలు సరిగ్గా లేవు" అని దానికీ వంక పెట్టింది.

లోపలికి అడుగుపెట్టి ఇద్దరమూ నిలబడిపోయాం. సీలింగు లేదు. ట్యూబులైట్లు లేవు. పైన పాత అద్దాలు బయటపడి, ముప్ఫై ఏళ్ళ కిందటి వెలుగు మళ్ళీ షెడ్డంతా ఒకేలా పరుచుకుని ఉంది. ఎక్కడో సుత్తి దెబ్బలు. మగ్గాలు బిగించిన బోల్టుల గుంతలు నేల మీద వరసలుగా ఇంకా ఉన్నాయి. అత్త ఆ వరసల మీదుగా అడ్డంగా కాకుండా, ఒకప్పటి దారి వెంబడే మలుపులు తిరుగుతూ నడిచింది. ఖాళీ నేల మీద లేని మగ్గాలకి ఒళ్ళు తగలకుండా తప్పుకుంటూ నడిచింది. నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా చూస్తారని ఆపుకున్నాను.

అరవై బేళ్ళు. ఒక్కోదానికి నెల వేసిన చీటీ. జూన్, అక్టోబరు చీటీలున్నవి పక్కకి తీసి, మధ్యవి మొదలుపెట్టాం. ఇద్దరు పనివాళ్ళు పట్టీలు కోసిపెట్టారు. నేను నంబర్లు చదవడం, అత్త కాదనడం. "పంధొమ్మిది." "వాడొక సోమరిపోతు, పక్కన పెట్టు." "నలభై ఏడు." "మంచి చెయ్యి, పాపం తొందరగా పోయాడు." మధ్యాహ్నం రెండయ్యేదాకా దుమ్ము మింగుతూ మిల్లులో ఉన్నవాళ్ళందరినీ ఒకసారి పలకరించినట్టయింది. రెండున్నరకి నా చేతిలో ఉన్న అంచు మీద అరవై రెండు కనపడింది. జూలై మూడు.

అత్త టోపీ తీసి పక్కన పెట్టింది. అట్టపెట్టెల మీద చెక్క పలక వేసి, దాని మీద తాను పరిచాం. ఎడమ చేత్తో లాగుతూ, కుడి అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. ముక్కు దగ్గర్నుంచి చాచిన చేతి దాకా ఒక గజం. నేను లెక్కపెట్టాను. పద్ధెనిమిది. పంధొమ్మిది. ఇరవై. అత్త వేలు ఆగలేదు. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

"లేదు" అంది.

ఇంకో తాను తీశాం. జూలై చివరిది. లేదు. ఆగస్టులో రెండు. లేవు. సెప్టెంబరులో ఒకటి. అదీ లేదు. ఇరవయ్యో గజం దగ్గరే కాదు, విప్పినంత మేరా ఒక్క గీత లేదు, ఒక్క తెగిన పోగు లేదు.

"ఇంత శుభ్రమైన బట్ట ఆయన జన్మలో నెయ్యలేదే" అంది అత్త, పలక పక్కనే నేల మీద కూలబడుతూ. "నేను లేకపోతే ఎంత నిమ్మళంగా ఉన్నాడో చూడు. నాలుగు నెలల్లో ఒక్క పూటైనా, ఒక్క నిమిషమైనా ఆపలేదే ఆ మనిషి."

నాకు మావయ్య మీద పీకలదాకా కోపం వచ్చింది. చచ్చిపోయిన మనిషి మీద కోపం తెచ్చుకుని ఏం లాభం? అసలు ఈవిడ్ని ఇక్కడికి తీసుకొచ్చిన నన్ననాలి. "పోనీలే అత్తా, నువ్వు మగ్గం ఆపొద్దని తిట్టావు, ఆపలేదు. నీ మాట విన్నాడనుకో" అన్నాను. నాకే చప్పగా అనిపించింది. గంట నాలుగయింది. విప్పినవి విప్పినట్టు వదిలేస్తే బాగుండదని జూలై తాను మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాను. నలభయ్యో గజం దగ్గర ఇంకో సిరా గుర్తు తగిలింది. ఊరికే పైకి చదివాను.

"అరవై రెండు. జూలై మూడు. పక్కన రెండు అని ఉంది."

"రెండంటే రెండో షిఫ్టే" అంది అత్త విసుగ్గా. "ఒక మగ్గం మీద పొద్దున్నుంచి మూడింటిదాకా ఒకడు, మూడు నుంచి రాత్రి పదకొండు దాకా ఇంకొకడు. మొదటిది ఆయనది. రెండోది ముప్ఫై ఎనిమిది. సరిగ్గా చదువు."

"సరిగ్గానే చదివాను. అరవై రెండే."

"ముప్ఫై ఎనిమిదే, సిరా మాసిపోయుంటుంది."

"నువ్వే చూసుకో!" అని విసురుగా ఆవిడ ముందు పెట్టాను. ఆవిడకి చూపానదు. నేనే పక్క తానులు విప్పాను. జూలై నాలుగు, అరవై రెండు, ఒకటి. జూలై నాలుగు, అరవై రెండు, రెండు. జూలై అయిదు, ఒకటి, రెండు, రెండూ అరవై రెండే. ఆగస్టు తానులు లాగాను. సెప్టెంబరువి లాగాను. ప్రతి రోజూ, రెండు షిఫ్టులూ, అరవై రెండు.

అత్త లేచి నిలబడింది. "రోజుకి పదహారు గంటలా?"

"అక్టోబరు బేలు తెరవండి" అని పనివాళ్ళ మీద అరిచాను. కోశారు. అక్టోబరు తొమ్మిది, రెండు షిఫ్టులు, అరవై రెండు. పది, రెండు షిఫ్టులు, అరవై రెండు. పదకొండు, మొదటి షిఫ్టు అరవై రెండు.

"రెండోది?"

"ముప్ఫై ఎనిమిది."

పదకొండు సాయంత్రమే అత్త పెట్టె పట్టుకుని ఇంటికెళ్ళింది. పన్నెండున చేరతానన్న జవాబు మిల్లులో ఆయన చెవిన పడే ఉంటుంది.

"పొయ్యి వెలిగించడానికి ఇంటికెప్పుడు వచ్చాడే" అంది అత్త మెల్లగా. "ఆ ఇంట్లో ఉండలేక... నేను ఆయన తిరుగుతున్నాడనుకున్నానే. మరి మిల్లులో ఇంతమంది ఉన్నారే, ఒక్కళ్ళు నాకు చెప్పలేదేం?"

"ఎవరు చెప్తారు? నీ నోరంటే హడలి చచ్చేవారుగా."

"ఆయన? ఆయన చెప్పొచ్చుగా!" షెడ్డంతా మోగేలా అరిచింది. "ముప్ఫై ఏడేళ్ళు పక్కన పడుకున్నాడు! నువ్వు లేకపోతే ఇంటికి రాబుద్ధి కాలేదే అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? నేను ఎన్నిసార్లు దెప్పానో, ఎన్ని మాటలన్నానో! ఒక్కసారైనా నోరు తెరిచాడా?"

బయట లారీ హారను వినపడింది. ఇంజనీరు పిల్ల గుమ్మం దాకా వచ్చి, మా మొహాలు చూసి, డ్రైవరుని ఆగమని చెయ్యి ఊపింది. అత్త అక్టోబరు తాను గుండెలకి హత్తుకుని నన్నడిగింది.

"ఇంకో ఏడాది నేను రాకపోయుంటే, ఆ మనిషి ఇంకో ఏడాదీ అలాగే నేస్తూ ఉండేవాడా?"

"ఉండేవాడత్తా" అన్నాను.

మావయ్య పోయిన రోజు కూడా నలుగురి ముందు ఏడవని మనిషి, ఆ తానులో మొహం దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. పైన సుత్తులు ఆపి పనివాళ్ళు కిందికి తొంగిచూశారు. "ఏంటి చూస్తారు? మీ పని మీరు చూసుకోండి" అని వాళ్ళని కసిరాను. కసిరాననే అనుకున్నాను గానీ, నా గొంతు అసలు పైకి రానేలేదు.